చాటుమాటు ఆటలు

చదరంగం ఆడే యంత్రాన్ని తయారు చేసినవాళ్లు దశాబ్దాలపాటు ఒకే చిక్కుతో కుస్తీ పట్టారు. యంత్రానికి తెలివి నేర్పడం ఎలాగన్నది ఆ చిక్కు. ఆంగ్లంలో ‘స్టెల్త్’ అనే పేరుతో చలామణి అయ్యే వీడియో ఆటలు తయారు చేసినవాళ్లకు ఎదురైన చిక్కు వేరు. ఆటగాడు ఎక్కడున్నాడో, ఏ గోడ వెనక నక్కాడో, ఎటు తిరిగి ఉన్నాడో ప్రోగ్రాముకు అంగుళాలతో సహా తెలుసు. వాణ్ణి అక్కడ నిలబెట్టినదే అది గదా! అదే ప్రోగ్రాము నడిపించే కాపలావాడికి మాత్రం ఆ సంగతి తెలియకూడదు. అసలేమీ తెలియకపోయినా చాలదు. వాడు కొంత చూడాలి, కొంత వినాలి, కొంత అనుమానించాలి, రెండడుగులు ముందుకు వేసి, చివరికి ‘ఏమీ లేదులే’ అనుకొని వెనుదిరగాలి. ఈ అజ్ఞానాన్ని నమ్మదగ్గ తీరులో నిర్మించడానికి నలభై అయిదేళ్లకు పైగా పడుతున్న పాట్లే ఈ ఆటల చరిత్ర. వీటిమీద ఆటగాళ్లకున్న మోజూ, వీటిని ఆడుతూ వాళ్లు పళ్లు నూరుకోవడమూ రెండూ ఆ ఒక్కచోటినుంచే పుట్టాయని నా అభిప్రాయం.

ముందు పేరు సంగతి. దాగుడుమూతలు అందామంటే కుదరదు. అందులో కళ్లు మూయించుకున్నవాడికి ఎవరో దాక్కున్నారని ముందే తెలుసు, వెతకడమే వాడి పని. పైగా మనం అక్కడ వెతికేవాణ్ణే దొంగ అంటాం. ఈ ఆటల్లో దాక్కున్నవాడు దొంగ. వెతకవలసిన అవసరం ఒకటి వచ్చిందన్న సంగతే అవతలివాడికి తెలియకూడదు. వాడు ఎప్పటిలాగే ఆవులిస్తూ గస్తీ తిరుగుతూ ఉండగా మనం వాడి వీపు వెనకనుంచి దాటిపోవాలి. అందుకని చాటుమాటు ఆటలు అంటున్నాను. ఇంతకంటే మంచి మాట ఎవరికైనా తోస్తే నాకు అభ్యంతరం లేదు.

ఈ రుచి మనకు కొత్తదేమీ కాదు. సుందరకాండలో హనుమంతుడు పొద్దు గూకేదాకా ఆగి, పిల్లి అంత దేహంతో లంకలో అడుగుపెడతాడు. ఆ కాండలో యుద్ధం ఎంత ఉందో వెతుకులాట, పొంచి ఉండటం, ఆకుల చాటున కూర్చొని వినడం అంతకంటే ఎక్కువే ఉన్నాయి. శూద్రకుడి మృచ్ఛకటికం మూడో అంకంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేసే ఘట్టం ఇంకా దగ్గరి పోలిక. గోడలో తడికి నానిన చోటు వెతకడం, కన్నానికి ఏ ఆకారం తగునో ఆలోచించడం, కొలతాడు మరిచిపోతే జంధ్యంతో కొలవడం, తాను దూరకముందు ఒక బొమ్మ మనిషిని లోపలికి తోసి చూడటం, తలుపు కిర్రుమనకుండా నీళ్లు చల్లడం, దీపం ఆర్పడానికి ఒక పురుగును వదలడం - అన్నీ వరసగా చేస్తాడు. 1998లో అమెరికాలో వచ్చిన ఒక ఆటలో కాగడాలు ఆర్పడానికి నీటి బాణాలు ఉన్నాయి. ఆ ఆట చేసినవాళ్లు శూద్రకుణ్ణి చదివారని నేననను. కన్నంవేసేవాడి కళ్లతో ఇంటిని చూస్తే ఎవరికైనా ముందు కనిపించేవి దీపం, తలుపు బందు, నిద్రపోయేవాడి ఊపిరి అని మాత్రం అంటాను.

తొలి ప్రయత్నాలు చిన్నవి. 1979లో జపానులో ‘మన్‌బికి షోనెన్’ అనే ఆట వచ్చింది. దుకాణాల్లో సరుకు కాజేసే కుర్రవాడు అని ఆ పేరుకు అర్థం. దుకాణదారు చూపు పడకుండా చేతివాటం చూపించడమే ఆట. 1981లో సెగా కంపెనీ ‘005’ అనే ఆటలో ఒక గూఢచారి చేతికి పెట్టె ఇచ్చి, టార్చిలైట్ల వెలుగు తప్పించుకొని చేరవెయ్యమంది. అదే 1981లో బాల్టిమోరు నగరంలో మ్యూజ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థనుంచి ‘కాసిల్ వుల్ఫెన్‌స్టైన్’ వచ్చింది. అసలు కథ అక్కడ మొదలైందని నేననుకుంటాను.

దాన్ని ఆపిల్ 2 కంప్యూటరుకోసం రాసినవాడు సైలస్ వార్నర్. ‘గన్స్ ఆఫ్ నవరోన్’ సినిమా చూసిన ఊపులో, అప్పట్లో ఆడుతున్న ‘బెర్జర్క్’ అనే యంత్రపు ఆటలోని మరమనుషుల స్థానంలో నాజీ సైనికులను నిలబెట్టాడు. ఆటగాడు నాజీల కోటలో బందీ. యుద్ధ పథకాల కాగితాలు దొంగిలించి బయటపడాలి. తుపాకి ఉంది, తూటాలు తక్కువ. కాబట్టి ప్రతి గదిలోనూ ఒక ఆలోచన తప్పదు. కాల్చడమా, తుపాకి గురిపెట్టి చేతులెత్తించి జేబులు వెతకడమా, లేక దొరికిన నాజీ దుస్తులు తొడుక్కొని ఏమీ ఎరగనట్టు పక్కనుంచి నడిచిపోవడమా? మామూలు సైనికుడు ఆ దుస్తులకు మోసపోతాడు, ఎస్ఎస్ వాడు మోసపోడు. వాడు ఒక గదినుంచి ఇంకో గదికి వెంట తరుముతాడు కూడా. ఆ రోజుల్లో కంప్యూటరు మాట్లాడటమే వింత అనుకుంటే, ఈ ఆట జర్మను భాషలో ‘హాల్ట్!’ అని గద్దించేది. గరగరమనే ఆ గొంతు విని ఉలిక్కిపడ్డామని దాన్ని ఆడినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

విసుగు కూడా అప్పుడే పుట్టింది. కోటలో తాళం వేసిన పెట్టెలు ఉంటాయి. ఒక్కొక్కటి తెరవడానికి ఎదురుగా నిలబడి కాచుకోవాలి. లోపల తూటాలు ఉండవచ్చు, తినడానికి ఏదో ఉండవచ్చు. తుపాకితో తాళం పేలిస్తే పని తొందరగా అవుతుంది గాని చప్పుడుకు కాపలావాళ్లు వస్తారు, పెట్టెలో గ్రెనేడ్లు ఉంటే మనమే పోతాం. వేచి ఉండాలా, తెగించాలా అన్న ఈ తూకం చాటుమాటు ఆటలకు ఆయువుపట్టు. వేచి ఉండటంలో ప్రమాదం ఉన్నంతసేపు అది రుచి. ప్రమాదం లేదని తెలిసిన మరుక్షణం అది ఉత్త కాలక్షేపం, పోస్టాఫీసు ముందు వరసలో నిలబడటంతో సమానం.

వార్నర్ ఆటకు పట్టిన గతి కూడా చెప్పుకోవాలి. మ్యూజ్ సంస్థ 1987లో దివాలా తీసింది. ఆ ఆటను చిన్నప్పుడు ఆడి అభిమానించిన ఇడ్ సాఫ్ట్‌వేర్ కుర్రవాళ్లు 1992లో ‘వుల్ఫెన్‌స్టైన్ 3డి’ చేశారు. మొదట అందులో శవాలను చాటుకు ఈడ్చెయ్యడం వంటివి పెట్టాలనుకున్నారు. పెట్టి చూస్తే పరుగు తగ్గిపోతోందని తీసేశారు. మిగిలింది కాల్పులు. ఆ కాల్పులే తుపాకి ఆటలన్నిటికీ ఒరవడి దిద్దాయి. దాక్కోవడానికి పుట్టిన పేరే దాక్కోనక్కరలేని ఆటల వంశానికి మూలపురుషుడయింది. వాళ్ల నిర్ణయం తప్పని అనలేను. పరుగూ పొంచి ఉండటమూ ఒకే ఒరలో ఇమడవని వాళ్లకు తొందరగా అర్థమయింది. తరవాతివాళ్లకు చాలామందికి అర్థం కాలేదు.

జపానులో సంగతి వేరుగా నడిచింది. కొనామీ సంస్థలో హిదేయో కొజిమా అనే యువకుడికి ఎంఎస్ఎక్స్2 కంప్యూటరుకు ఒక యుద్ధం ఆట చెయ్యమని పని అప్పగించారు. ఆ యంత్రానికి ఒక్క తెరమీద ఎక్కువమంది సైనికులనూ వాళ్ల తూటాలనూ కదిలించే శక్తి లేదు. యుద్ధం చూపించలేనప్పుడు యుద్ధం తప్పించుకునేవాణ్ణి చూపిస్తే పోలేదా అనుకున్నాడు. ఖైదీలు పారిపోయే ‘ది గ్రేట్ ఎస్కేప్’ సినిమా మనసులో మెదిలింది. 1987లో ‘మెటల్ గేర్’ వచ్చింది. అందులో కాపలావాళ్లు ముక్కుసూటిగా మాత్రమే చూస్తారు. ఒక అడుగు పక్కకు తప్పుకుంటే మన ఉనికే వాళ్లకు తెలియదు. చూసినప్పుడు తలమీద ఆశ్చర్యార్థకం మెరుస్తుంది. ఒకటైతే ఆ తెరమీద ఉన్నవాళ్లే వస్తారు, రెండైతే బయటినుంచి కూడా వచ్చిపడతారు. 1990లో వచ్చిన రెండో భాగంలో వాళ్లకు చెవులు వచ్చాయి, చూపు విచ్చుకుంది, ఒక తెరనుంచి ఇంకో తెరకు నడక వచ్చింది. ఆటగాడికి పాకడం వచ్చింది, మూలన రాడారు వచ్చింది. కాపలావాడి జ్ఞానం పెంచిన ప్రతిసారీ ఆటగాడికీ ఆ మేరకు ఏదో ఒక సమాచారం ఇవ్వక తప్పదని అప్పుడే తేలింది.

1998 ఈ ఆటలకు పంటల సంవత్సరం. ఆ ఒక్క ఏడాదిలో నాలుగు దేశాల తీరులు బయటపడ్డాయని చెప్పబోయాను గాని, నిజానికి మూడు దేశాలే. జపానునుంచి నింజాల ‘తెంచు’, కొజిమా చేసిన ‘మెటల్ గేర్ సాలిడ్’ వచ్చాయి. స్పెయినునుంచి ‘కమాండోస్’ వచ్చింది. అమెరికానుంచి ‘థీఫ్’ వచ్చింది. మెటల్ గేర్ సాలిడ్‌లో కాపలావాడు మంచులో మన అడుగుజాడలు చూసి వెంట వస్తాడు. గోడమీద తడితే ‘ఎవరది?’ అని ఇటు నడుస్తాడు. కమాండోస్‌లో శత్రువు చూపు నేలమీద ఆకుపచ్చ విసనకర్రలా పరుచుకొని కనబడుతుంది. దగ్గరి భాగంలో పడితే చిక్కాం, దూరపు భాగంలోనైతే పాక్కుంటూ పోవచ్చు. కాపలావాడు ఏం చూస్తున్నాడో ఇంత నిక్కచ్చిగా బయటపెట్టడం గొప్ప నిజాయితీ. దాని ఫలితంగా ఆట లెక్కల పుస్తకంలా తయారయిందన్నది వేరే మాట. నాకు లెక్కలంటే ఇష్టమే కాబట్టి ఫిర్యాదు లేదు.

థీఫ్ దగ్గర కొంచెం ఆగాలి. దాన్ని చేసిన లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ మాసచూసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ఉండేది. వాళ్లు మొదట అనుకున్నది ఆర్థరు రాజు కథను తలకిందులు చేసే కత్తియుద్ధాల ఆట. అది కుదరక, వెనకాడి, దారి మార్చుకొని, చివరికి గారెట్ అనే దొంగ దగ్గర తేలారు. తెర అడుగున ఒక రత్నం పెట్టారు. మనం వెలుగులో ఉంటే అది మెరుస్తుంది, చీకట్లోకి జరిగితే నల్లబడుతుంది. నేలకు నేలకు చప్పుడు వేరు. తివాచీమీద అడుగు వినపడదు, పాలరాతిమీద టకటకమంటుంది, ఇనుప రేకుమీద ఇల్లంతా లేస్తుంది. అందుకని చప్పుడు కాకుండా నేలమీద నాచు పరిచే బాణాలు, కాగడాలు ఆర్పే నీటి బాణాలు. చేతికిచ్చే పటం చేత్తో గీసినది, సగం ఖాళీ. కష్టమైన స్థాయి ఎంచుకుంటే మనుషులను చంపకూడదన్న షరతు ఉంటుంది. ఆట కష్టమయినకొద్దీ ఆటగాడు ఇంకా సాత్వికుడు కావలసి రావడం, నాకు తెలిసి, అంతకుముందు వీడియో ఆటల్లో అలవాటు లేని సంగతి.

అన్నిటికంటే గొప్ప పని వాళ్లు శబ్దంతో చేశారు. చప్పుడు గోడలగుండా సూటిగా రాదు. గదినుంచి గదికి, తలుపు సందుల్లోనుంచి, మలుపులు తిరిగి వస్తుంది. తలుపు మూస్తే మందగిస్తుంది. ఈ నియమం కాపలావాడి చెవికీ మన చెవికీ ఒకటే. కాబట్టి చీకట్లో కళ్లు మూసుకున్నట్టు కూర్చొని, బూట్ల చప్పుడును బట్టి వాడు ఏ గదిలో ఉన్నాడో, ఇటు వస్తున్నాడో అటు పోతున్నాడో పసిగట్టవచ్చు. మొదటి ఘట్టంలోనే భవంతి బయట ఇద్దరు కాపలావాళ్లు ఎలుగుబంట్ల పోట్లాట గురించి ముచ్చటించుకుంటూ ఉంటారు. ఆ మాటలకోసం ఆగిపోయిన ఆటగాడికి, తనకు తెలియకుండానే, ఆట ఎలా ఆడాలో పాఠం అయిపోతుంది. ఊరుకో, విను, అవతలివాడి ఊసు పూర్తికానీ. ఇంకొకరి లోకంలో వాళ్లకు తెలియకుండా కాసేపు ఉండటమే ఇందులోని అసలు ఆకర్షణ. గెలుపు దాని తరవాతే. అడుగు దూరంలో ఈల వేసుకుంటూ పోయే కాపలావాడి పక్కన నీడలో నిలబడి ఆటగాడు నిజంగా ఊపిరి బిగబడతాడు. ఊపిరికి ఆ ఆటతో ఏ సంబంధమూ లేదు, అయినా సరే.

ఆ కాపలావాడి బుర్ర తయారు కావడానికి చాలా ఇబ్బంది పడ్డామని ఆ ఆట ప్రధాన ప్రోగ్రామరు టామ్ లెనర్డ్ తరవాత రాశాడు. వాడి చూపును ఒక్క త్రికోణంగా కాక, ఎదురుగా పదునైనవి, పక్కలకు మసకవి, ఇలా అనేకంగా పొదిగారు. చూసిన వెంటనే గుర్తుపట్టడు. అనుమానం మెట్లు మెట్లుగా పెరుగుతుంది, మెట్లు మెట్లుగా చల్లారుతుంది. ఇంకో చిట్కా ఉంది, చాలా తెలివైనది, చాలా నవ్వు పుట్టించేది. కాపలావాడు తనలో తాను పైకే మాట్లాడుకుంటాడు. ‘ఎవరది?’ అంటాడు. కాసేపు వెతికి ‘ఎలకలై ఉంటాయి’ అంటాడు. లోకంలో ఏ కాపలావాడూ ఇలా తన అనుమానాన్ని ప్రకటన చెయ్యడు. ఇది నాటకాల్లోని స్వగతం. పక్కనున్న పాత్రకు వినపడదని ఒప్పందం, ప్రేక్షకుడికోసమే పలకడం. ఆ మాట లేకపోతే వాడు చూశాడో లేదో మనకు తెలిసే దారి లేదు. తెలియని అజ్ఞానం ఎంత గొప్పగా నిర్మించినా వృథాయే గదా!

ఇక విసుగుల విషయం. వీటిలో పెద్దది, దొరికిపోవడం కాదు. ఎందుకు దొరికిపోయామో తెలియకపోవడం. గోడ చాటున ఉన్నాం, మోచెయ్యి కాస్త బయటికి ఉన్నట్టుంది, నలభై గజాల దూరంనుంచి ఎవడో కేక వేశాడు. ఆ క్షణంలో ఆటగాడికి మొదట చెప్పిన రహస్యం గుర్తుకొస్తుంది. ఈ ప్రోగ్రాముకు అన్నీ తెలుసు, ఇంతసేపూ తెలియనట్టు నటించింది. నమ్మకం చెదిరిపోతుంది. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. నేలమీద తోటి కాపలావాడు పడి ఉంటే చూసి, అరిచి, కాసేపు అటూ ఇటూ తిరిగి, నిమిషం తరవాత అదే చోట అదే ఈల వేసుకుంటూ గస్తీ మొదలుపెట్టడం. మొదటిది కోపం తెప్పిస్తుంది, రెండోది నవ్వు తెప్పిస్తుంది. ఆటకు రెండూ హానే.

తరవాతిది సేవ్ చేసుకునే సంగతి. ఎక్కడంటే అక్కడ సేవ్ చేసుకోనిస్తే ఆటగాడు మూడడుగులకొకసారి సేవ్ చేసుకుంటాడు. చూపు పడితే వెనక్కి, మళ్లీ పడితే మళ్లీ వెనక్కి. భయం పోతుంది, తప్పించుకునే ఉపాయాలు నేర్చుకునే అవసరమే పోతుంది. సేవ్ చేసుకోనివ్వకపోతే నలభై నిమిషాల ఓపిక ఒక్క దగ్గుతో మట్టిపాలు. ఈ రెండో బాధ తెలుగువాళ్లలో ఒక తరానికి బాగా తెలుసు. 2000లో నార్వేలోని ఇన్నర్‌లూప్ సంస్థ చేసిన ‘ప్రాజెక్ట్ ఐ.జి.ఐ.’ మన దేశంలో ఇంటర్నెట్టు సెంటర్లలోనూ హాస్టలు గదుల్లోనూ ఎంత ఆడారో చెప్పనలవి కాదు. దాని ఇంజను విమానాల ఆటకోసం తయారు చేసినది కాబట్టి కనుచూపుమేర కొండలూ మైదానాలూ పరుచుకొని ఉండేవి. దూరపు గుట్టమీద బోర్లా పడుకొని బైనాక్యులర్లతో శత్రువుల స్థావరాన్ని పరికించడం, కెమేరాల లెక్క చూసుకోవడం, కంచె దాటడం - అంతా బాగుండేది. మిషను మధ్యలో సేవ్ చేసుకునే వీలు మాత్రం లేదు. చివరి గదిలో చచ్చినా మొదటి గుట్ట దగ్గరికే. అలారం మోగిందా, బ్యారకుల్లోనుంచి సైనికులు వస్తూనే ఉంటారు. గంటకింత అని అద్దె కట్టి ఆడేవాడికి ఆ విసుగు డబ్బు లెక్కల్లో కూడా తగిలేది. చాటుగా పోదామని మొదలుపెట్టి, గంట నిండుతోందనగానే తుపాకి పట్టుకొని పరుగెత్తేవాళ్లు. ఆటను ఆడే చోటు ఆట తీరును మార్చేస్తుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 2003లో వచ్చిన రెండో భాగంలో సేవ్‌లు ఇచ్చారు, లెక్కపెట్టి.

2002లో యూబీసాఫ్ట్ వారి మాంట్రియాల్ శాఖ ‘స్ప్లింటర్ సెల్’ తెచ్చింది. నీడలను అంత అందంగా అంతకుముందు ఎవరూ చూపించలేదు. కాని అందులో చాలా ఘట్టాల్లో అలారం మూడుసార్లు మోగితే ఆట అయిపోయినట్టే. దొరికిపోవడం అంటే ఏమిటన్న ప్రశ్నకు అది బడిపంతులు జవాబు. మూడు తప్పులు, బయటికి నడు. 2005లో వచ్చిన ‘కేయాస్ థియరీ’ ఆ బెత్తాన్ని పక్కన పెట్టింది. అలారం మోగితే కాపలావాళ్లు కవచాలు తొడుక్కుంటారు, జాగ్రత్తపడతారు, పని కష్టమవుతుంది, ఆట మాత్రం సాగుతుంది. దీపపు కొలతతోపాటు చప్పుడు కొలత కూడా ఇచ్చారు. చుట్టుపక్కల రొద ఎంత, మన అడుగు సడి ఎంత అని పక్కపక్కన కనబడుతుంది. ఆ వరసలో నాకు అన్నిటికంటే నచ్చినది అదే. దొరికిపోయాక ఏం జరుగుతుందన్నదే ఈ ఆటలకు గీటురాయి. దొరికిన క్షణంనుంచి ఇంకో ఆట మొదలైతే బతికింది, తెర నల్లబడితే అది శిక్ష.

2010లో అదే వరసలో వచ్చిన ‘కన్విక్షన్’ ఇంకో రకం మందు వేసింది. విసుగును పోగొట్టడానికి ఆటగాడికి బలం ఇచ్చింది. ఒకణ్ణి చేతులతో పడగొడితే, ముందే గుర్తుపెట్టుకున్న ముగ్గురు నలుగురిని ఒక్క మీటతో కాల్చెయ్యవచ్చు. చూడటానికి సినిమాలా ఉంటుంది. కాపలావాళ్లు ఎవరికి భయపడాలో ఆటే చెప్పేస్తుంది. కాని భయం అటువైపుకు పోయిన తరవాత పొంచి ఉండటానికి కారణం ఏముంది? పులి పొదలో దాక్కోవడమూ కుందేలు పొదలో దాక్కోవడమూ ఒకటి కావు.

అంతకంటే అన్యాయం, తుపాకి ఆటల మధ్యలో బలవంతాన ఇరికించే చాటుమాటు ఘట్టాలు. పదిగంటలపాటు వీరవిహారం చేసినవాడి చేతిలోంచి ఆయుధాలు లాగేసుకొని, ఇప్పుడు పిల్లిలా నడవమంటారు. 2018లో వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్’ ఆటలో మేరీ జేన్ ఘట్టాలమీద వచ్చిన సణుగుడు అందుకే. వెలుగునీడలు లేవు, శబ్దం లెక్క లేదు, ఉన్నది ఒకే దారి. చూస్తే మొదటికి. చాటుమాటు ఆటలంటే అయిష్టం ఉన్నవాళ్లలో చాలామంది నిజానికి ఇటువంటి ఘట్టాలు తప్ప అసలైనవి ఆడనివాళ్లేనని నా అనుమానం.

హిట్‌మ్యాన్ వరస వేరే దారి పట్టింది. 2000లో డెన్మార్కునుంచి వచ్చిన ఆ ఆటలో దాక్కునేది చీకట్లో కాదు, దుస్తుల్లో. వంటవాడి బట్టలు వేసుకుంటే వంటగదిలోకి దారి ఉంటుంది, యజమాని పడకగదిలోకి ఉండదు. వార్నర్ పెట్టిన నాజీ కోటు ఇక్కడ పూర్తి లోకంగా విచ్చుకుంది. 2016లో వచ్చిన భాగంలో విందులు, ఫ్యాషను ప్రదర్శనలు, వందలాది మనుషులు. పథకం చెడినా ఇంకో వేషం దొరుకుతుంది కాబట్టి అందులో పొరపాట్లు కూడా వేడుకే.

2012లో రెండు ముఖ్యమైన ఆటలు వచ్చాయి. ‘డిజానర్డ్’ ఆటగాడికి కనుమూసి తెరిచేలోగా ఇంకోచోట తేలే శక్తి ఇచ్చింది. దానితో వేచి ఉండటమన్న బాధ చాలావరకు తీరింది. కాని సరదా అయిన ఆయుధాలలో ఎక్కువ భాగం చంపడానికి పనికొచ్చేవే పెట్టి, చంపితే నగరం పాడవుతుందని కథలో మొట్టికాయ వెయ్యడం, విస్తట్లో గారెలు వడ్డించి తినవద్దని చెప్పినట్టుంది. కెనడాలోని క్లే సంస్థ చేసిన ‘మార్క్ ఆఫ్ ది నింజా’ ఇంకా ధైర్యమైన పని చేసింది. ఏదీ దాచలేదు. పరుగెత్తితే చప్పుడు ఎంతదాకా వినపడుతుందో చుట్టూ వృత్తం కనబడుతుంది. కాపలావాడు ఎంతదూరం చూడగలడో గీత గీసి ఉంటుంది. మనం చివరిసారి ఎక్కడ ఉన్నామని వాడనుకుంటున్నాడో అక్కడ మన నీడబొమ్మ నిలబడి ఉంటుంది. ఎందుకు దొరికామన్న ప్రశ్నకు ఇక తావులేదు. థీఫ్‌లోని చీకటి మత్తు ఇందులో లేదని కొందరన్నారు. నిజమే, కాని ఆ మత్తులోనే సందేహమూ కలిసి ఉంది. రెండోసారి ఆడేవాళ్లకు ఈ సహాయాల్లో కొన్నిటిని తీసివేసే ఏర్పాటు కూడా ఉంది. అంటే ఆ చేసినవాళ్లకు ఈ తూకం తెలుసన్నమాట.

సేవ్ చిక్కును సూటిగా ఎదుర్కొన్నది జర్మనీలోని మ్యూనిచ్ నగరానికి చెందిన మిమిమి గేమ్స్. కమాండోస్ మార్గంలోనే 2016లో ‘షాడో టాక్టిక్స్’, 2020లో ‘డెస్పరాడోస్ 3’ చేశారు. మూడడుగులకొకసారి సేవ్ చేసుకోవడం సిగ్గుపడవలసిన పని కాదని, అసలు ఆట అదేనని ఒప్పుకున్నారు. చివరిసారి సేవ్ చేసి ఎంతసేపయిందో తెరమీద గుర్తుచేస్తూ ఉంటుంది. 2023 ఆగస్టులో వచ్చిన ‘షాడో గాంబిట్’లో ఇంకో అడుగు ముందుకు వేశారు. అందులో సముద్రపు దొంగల ఓడకు ప్రాణం ఉంది, దానికి జ్ఞాపకాలను పట్టి ఉంచే శక్తి ఉంది. సేవ్ చెయ్యడమంటే ఆ ఓడ ఒక జ్ఞాపకాన్ని బంధించడం, వెనక్కి పోవడమంటే దాన్ని విడుదల చెయ్యడం. నలభై ఏళ్ల విసుగును కథలో పాత్రగా మార్చేశారు. విమర్శకులు మెచ్చుకున్నారు. ఆట విడుదలైన నెలలోనే సంస్థను మూసివేస్తున్నట్టు వాళ్లే ప్రకటించారు. ఇటువంటి ఆటలకు పట్టే శ్రమకూ వచ్చే డబ్బుకూ పొంతన కుదరడం లేదన్నారు.

అది మొదటిసారి కాదు. లుకింగ్ గ్లాస్ 2000 మార్చిలో థీఫ్ రెండో భాగం విడుదల చేసి, మే నెలలో తలుపులు మూసింది. మొదటి భాగంలో సమాధుల్లోని శవాలతో పోరాడవలసి వచ్చిందని ఆటగాళ్లు విసుక్కుంటే, రెండో భాగంలో అవి తగ్గించి, రాత్రిపూట ఊరి మిద్దెలమీదుగా సాగే ఒక గొప్ప ఘట్టం పెట్టారు. ఆ ఘట్టం ఇంకా జనం నోళ్లలో నానుతూ ఉండగానే చేసినవాళ్లు చెల్లాచెదురయ్యారు. 2014లో వేరే సంస్థ అదే పేరుతో కొత్త ఆట తెచ్చింది. పాత ఆటలో తాడు బాణం చెక్క కనబడిన ప్రతిచోటా దిగేది. కొత్తదాంట్లో వాళ్లు గుర్తుపెట్టిన దూలాలకు మాత్రమే దిగుతుంది, మనకు నచ్చినచోట ఎగరడానికి మీట కూడా లేదు. దొంగకు ముందే దారి గీసి ఇచ్చారు.

పాత ఆట మాత్రం చావలేదు. అభిమానులు దానికి సొంతంగా వందలాది ఘట్టాలు తయారు చేస్తూ వచ్చారు. అందులో ఎవరి కంటా పడకుండా, ఎవరినీ తాకకుండా, ఆర్పిన దీపం కూడా లేకుండా ఒక ఇల్లు దోచి రావడాన్ని వాళ్లు ‘దెయ్యం ఆట’ అంటారు, దానికి నియమావళి కూడా రాసుకున్నారు. కొత్త కంప్యూటర్లమీద ఆ ఆట సరిగా నడవక అవస్థపడుతున్న రోజుల్లో, 2012లో, ఒక ఫ్రెంచి అభిమానుల వేదికలో ఎవరో ఒక మరమ్మతు ప్రోగ్రాము వదిలిపెట్టి వెళ్లారు. దానితో పాతికేళ్ల నాటి ఇంజను కొత్త యంత్రాలమీద పరుగెత్తడం మొదలుపెట్టింది. సంతకం ఉన్నచోట ఫ్రెంచిలో ‘బొంతకాకి’ అని మాత్రమే ఉంది. ఆటకు పాతికేళ్లు నిండిన 2023లో కొందరు అభిమానులు ఏళ్లతరబడి కూర్చొని చేసిన పది ఘట్టాల ‘బ్లాక్ పరేడ్’ ఆ మరమ్మతుమీదే నడుస్తుంది, ఉచితంగా.